చెయ్యలేదన్న ఒక్క మాట

కాజీపేటలో రైల్వే క్వార్టర్ల వెనక ఉన్న చర్చిలో వినోద పాట ఎత్తుకుందంటే గూడ్సు బండి కూత కూడా వినపడదని చెప్పుకునేవాళ్ళు. ఆ మాట మొదట అన్నది ఆమె భర్త సుదర్శన్. గూడ్సు బండి నడిపేది అతనే, ఇంట్లో వినోదతో వేగేది కూడా అతనే. కనుక అందులో మెప్పెంతో భయమెంతో మనం తేల్చలేం. ఏదేమైనా ఇరవై రెండేళ్ళుగా ఆ చర్చిలో పాటంటే వినోదే. స్త్రీల సమాజానికి ఆమే నాయకురాలు. ఏ ఆదివారం ఏ పాటో, ముందు వరసలో ఎవరో, వెనక నిలబడి ఊరికే నోరు కదిలించాల్సింది ఎవరో అన్నీ ఆమే చెప్పేది. పక్క క్వార్టరు పద్మను ఆ నోరు కదిలించే వరసలో పెట్టింది. పద్మ ఆ సంగతి మరిచిపోలేదు గాని, వినోద వెంట తిరగడం మానలేదు.

వినోద చెడ్డ మనిషేమీ కాదు. ఎవరింట్లో చావు జరిగినా ముందుగా గడపలో కనపడేది ఆమే. బాలింతలకు కారప్పొడి దంచిపెట్టేది, దవాఖానలో పడుకున్న వాళ్ళకు టిఫిను మోసేది. కాకపోతే చేసిన మేలు నలుగురికీ తెలియాలి, పాడిన పాట పదిమందీ మెచ్చాలి. ఆ రెండూ సాగినంత కాలం ఆమెంత మంచిది కాజీపేటలో మరొకరు లేరు.

సారలమ్మ వచ్చేదాకా ఆ రెండూ సాగాయి.

సారలమ్మది పాలకుర్తి అవతల ఒక పల్లె. భర్త పోయాడు, పిల్లలు లేరు, నాట్లకూ కలుపులకూ పోయి బతికేది. నాలుగేళ్ళ కింద ఆ ఊళ్ళో ఒక పసిపిల్లకు మూర్ఛలు వచ్చాయి. దవాఖానకు పరుగెత్తవలసిన వాళ్ళు అంజనం వేసేవాడి దగ్గరికి పరుగెత్తారు. వాడు ఊరి చివర ఒంటరిగా ఉండే ఆడది మంత్రాలు చేసిందన్నాడు. అలాంటిది సారలమ్మ ఒక్కతే ఉంది. పళ్ళు లేని నోటినుంచి మంత్రం సరిగా పలకదని అక్కడి వాళ్ళ నమ్మకం. స్తంభానికి కట్టేసి, పటకారు తెచ్చి పై నాలుగు పళ్ళు, కింద రెండు పళ్ళు పీకారు. పిల్లకు మాత్రం మూర్ఛలు తగ్గలేదు.

ఆ తర్వాత సారలమ్మ ఊళ్ళో ఉండలేకపోయింది. హన్మకొండలో ఒక హాస్టల్లో గిన్నెలు తోముతుంటే పాస్టరు గారి భార్య స్నేహలత అమ్మగారు చూసి, కాజీపేట తీసుకొచ్చి చర్చి వెనక గదిలో ఉంచింది. చర్చి ఊడ్చేది, గంట కొట్టేది, కుండల్లో నీళ్ళు నింపేది. ఎప్పుడూ కొంగు నోటికి అడ్డం ఉండేది. మాట్లాడినా కొంగు చాటునుంచే, తిన్నా గోడవైపు తిరిగే. ఏడాది తిరిగేసరికి బాప్తీస్మం తీసుకుంది. ఓంప్రకాశ్ పాస్టరుగారు ఆ రోజు ఆమెకు సారా అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే కల్లు దుకాణం పక్కనుండే సారా దుకాణమే గుర్తొస్తోందని ఎవరూ పిలవలేదు. సారలమ్మ సారలమ్మగానే మిగిలింది.

వినోద ఆమెకు రెండు చీరలిచ్చింది. అందులో ఒకటి దాదాపు కొత్తదని నలుగురికి చెప్పింది కూడా. జాలి పడటం వినోదకు బాగా చేతనవును. తనకంటే కింద ఉన్న మనిషి కిందనే ఉంటే ఎంతయినా పెట్టే చెయ్యి ఆమెది.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలైన రెండోవారం, ఒక మధ్యాహ్నం వినోద పాటల పుస్తకం కోసం చర్చికి వెళ్ళింది. లోపల సారలమ్మ ఒక్కతే బెంచీల కింద ఊడుస్తోంది. కొంగు నడుముకు చెక్కుకుంది. పాడుతోంది. నాట్ల పాట బాణీ, మాటలు మాత్రం తను కట్టుకున్నవి.

"తప్పేమి జేసిండు తల్లీ నీ కొడుకు, ఊరంత ఒక్కటై ఉరికొచ్చిరమ్మా..."

ముందు పళ్ళు లేక మాటల్లో కొంత గాలి కలుస్తోంది. అయితేనేం, ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందో గాని బెంచీలూ కిటికీలూ కూడా చెవులు రిక్కించినట్టున్నాయి. వినోదకు మొదటి చరణానికి ఒళ్ళు జలదరించింది. రెండో చరణానికి కడుపులో మంట మొదలైంది.

పాట రాని వాళ్ళకు ఈ బాధ లేదు. ఎవరు పాడినా బాగుందనేసి పోతారు. ఇరవై రెండేళ్ళు పాడిన మనిషికి మాత్రం ఎదుటి గొంతు తనకంటే ఎంత ఎత్తున ఉందో ఇంచీలతో సహా తెలుస్తుంది. వినోదకు తెలిసింది. తనది నేర్చుకున్న పాట, ఈమెది పుట్టుకతో వచ్చిన పాట. దేవుడు ఇంత మంచి గొంతు తీసుకెళ్ళి ఎవరికి పెట్టాడో చూడమని ఆయన మీదే కోపం వచ్చింది.

ఆమె దగ్గింది. సారలమ్మ గబుక్కున కొంగు నోటికి లాక్కుంది.

"నువ్వు పాడతవానే?" అంది వినోద.

"లేదక్కా. ఏదో పనిల పడి గునుగుత."

"గునిగితే గునిగినవ్ గని, ఈడ వద్దు. దేవుని మందిరమిది. నాటు మడి కాదు."

సారలమ్మ తల ఊపింది. ఆ రోజునుంచి చర్చిలో పాడలేదు. కాని స్నేహలత అమ్మగారు ఆ పాట తన వంటింటి కిటికీలోంచి అప్పటికే నాలుగైదుసార్లు వినేసింది. తర్వాతి స్త్రీల సమాజంలో అందరిముందూ అంది: "వినోదా, ఈస్టర్ నాడు సారలమ్మతోని ఒక పాట పాడిపిద్దాం. నీకంటె మంచిగ ఎవలు నేర్పుతరు? జర నేర్పు."

"ఎందుకు నేర్పనమ్మగారూ," అని నవ్వింది వినోద. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఇక అక్కడినుంచి ఆమె తిన్నది ఒంటపట్టలేదు. ఈస్టరు నాడు మొదటి పాట తనది. దాని తర్వాత సారలమ్మ నిలబడి ఆ నాట్ల బాణీ ఎత్తుకుంటే ఇంక తన పాట ఎవరికి గుర్తుంటుంది? ఇరవై రెండేళ్ళు పోగుచేసుకున్నది ఒక్క పాటతో పోతుంది. "పాపం, పండ్లు లేకున్నా ఎంత మంచిగ పాడింది" అంటారు. పళ్ళు లేకపోవడం కూడా ఆమెకు కలిసొచ్చేట్టుంది. అంత దూరం పోయింది వినోద ఆలోచన. ఓర్వలేనితనం పట్టిన మనిషికి ఎదుటివాళ్ళ దెబ్బలు కూడా నగల్లాగే కనపడతాయి.

శ్రమదినాల్లో రోజూ సాయంత్రం ఒక ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. వినోద ఆ ఏడు ప్రతి కూడికలోనూ పంతం పట్టి పాడింది. ఒక చరణం చాలన్నచోట నాలుగు పాడింది. హార్మోనియం మెట్టు ఒకటి పెంచమంది, మర్నాడు ఇంకోటి పెంచమంది. వాకిట్లో ఆఖరున కూర్చున్న సారలమ్మకు వినపడాలని పాడింది. సారలమ్మ కళ్ళు ఆర్పకుండా చూసేది. ఆ చూపు చూసినకొద్దీ వినోద ఇంకా గట్టిగా పాడేది. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం ఇంకా మూడు రోజులుందనగా గొంతు ఠక్కున తెగిపోయినట్టయింది. మాట గరగరమంది తప్ప పలకలేదు.

హన్మకొండ డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూశాడు. "ఎవరితోనన్న కొట్లాడిన్రా అమ్మా? గొంతు నరాలు వాచినయ్. నెలరోజులు పాట మాట మరిచిపోండ్లి. మాట గూడ తక్కువే," అని, గట్టిగా పాడినందుకే గొంతు పోయిందని చీటీ మీద రాసిచ్చాడు. కొట్లాడిందో లేదో వినోదకు తెలుసు.

మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో పిల్లలు ఈతమట్టలు ఊపుకుంటూ సారలమ్మ చుట్టూ మూగారు. ఆమె వాళ్ళకు చెంబుతో నీళ్ళు పోస్తోంది. స్నేహలత అమ్మగారు పక్కన నిలబడి ఈస్టరు పాట సంగతే మాట్లాడుతోంది. వినోద చెట్టు కింద కూర్చుని అదంతా చూస్తోంది. ఆమె కళ్ళల్లో ఎవరో నిప్పులు పోసినట్టుంది.

"గొంతుకేమైందక్కా?" అంది పద్మ, పక్కన చతికిలబడుతూ.

డాక్టరు చీటీ వినోద సంచీలోనే ఉంది. తీసి చూపిస్తే అయిపోయేది. ఆమె సారలమ్మ వైపు చూసింది, పద్మ వైపు చూసింది.

"ఏమో చెల్లె. పదిహేను దినాల సంది నేను పాడుతాంటె అదే తీర్గ రెప్ప కొట్టకుంట చూస్తాంది. గప్పటిసందే గొంతు పడ్డది. నేనేమంటలేను మల్ల. దేవునికే తెలువాలె," అంది గరగరమనే గొంతుతో.

నేనేమీ అనడం లేదనే వాళ్ళు అనకుండా వదిలేది ఏమీ ఉండదు. పద్మ నోట్లో నువ్వుగింజ నానదని వినోదకు తెలియదా? తెలుసు. తెలిసే అంది.

సోమవారానికల్లా ఆ మాట క్వార్టర్లన్నీ తిరిగింది. మంగళవారం చర్చిలోనే పెట్టిన కూడికకు ఆడవాళ్ళందరూ నీళ్ళ సీసాలు ఇంటినుంచే తెచ్చుకున్నారు. సారలమ్మ నింపిన కుండ నింపినట్టే ఉంది. ఆమె కొంగు పట్టుకుని తిరిగే ఒక చిన్నపిల్లను వాళ్ళమ్మ రెక్కపట్టి లాక్కుపోయింది. ఆమె కూర్చున్న చాపమీద ఇంకెవరూ కూర్చోలేదు. వీళ్ళంతా బాప్తీస్మంనాడు మొలతాళ్ళ తాయెత్తులు తెంపి చెరువులో పారేసినవాళ్ళే. మంత్రాలూ లేవు, దిష్టీ లేదని మైకులో చెప్పేవాళ్ళే. ఆ వారం కాజీపేట మార్కెట్లో వాళ్ళు కొన్న నిమ్మకాయలన్నీ పచ్చడి కోసమేనని మనమూ నమ్ముదాం.

బుధవారం సంఘపెద్ద గట్టయ్య పాస్టరుగారి దగ్గరికి వచ్చాడు. "మనం నమ్మమనుకోండ్లి అయ్యగారూ. నమ్మం. గని ఎందుకైనా మంచిది, ఏదన్నొకటి చెయ్యాలె," అన్నాడు.

ఓంప్రకాశ్ పాస్టరుగారు మంచివారు, కాస్త తొందర మనిషి. మంచి సాక్ష్యం అంటే ఆయనకు ప్రాణం. తాగుబోతు మారాడని, దొంగ మారాడని ఎవరైనా లేచి చెబితే ఆయనకు రెండురోజులు ఆకలి వేయదు. గురువారం మధ్యాహ్నం సారలమ్మను తన గదికి పిలిపించారు. గట్టయ్య ఉన్నాడు, అమ్మగారు ఉంది, స్త్రీల సమాజం తరఫున వినోద ఉంది.

"బిడ్డా, ఈస్టర్ నాడు సాక్ష్యం చెప్పు. నేను ఒకప్పుడు మంత్రాలు చేసేదాన్ని, ప్రభువు నన్ను విడిపించిండు అని చెప్తే అందరి భయం పోతది. మారిన మనిషిని ఎవలేమంటరు?" అన్నారాయన ప్రేమగా.

"నాకు మంత్రాలు రావయ్యా," అంది సారలమ్మ కొంగు చాటునుంచి.

"ఇప్పుడు రావు. గదే చెప్పు."

"ఎప్పుడు గూడ రాకుండె."

గట్టయ్య గొంతు సవరించుకున్నాడు. "ఊకెనే ఎవలన్న పండ్లు పీకుతరా అమ్మా? నిప్పు లేంది పొగొస్తదా?"

సారలమ్మ కింద కూర్చున్నదల్లా లేచి నిలబడింది.

"అయ్యా, మీరు నాకు ఏం చెప్పి ముంచిన్రు నీళ్ళల్ల? ఏం చెయ్యకున్నా చేసిండని పట్టుకపోయిన్రు, ఉమ్మిన్రు, కొట్టిన్రు, మొలలు కొట్టి సంపిన్రు అని చెప్పలే? గా మాట ఇని, అయ్యో ఈనె నా తీరోడే ఉన్నడు గదా అని వచ్చిన. దేవుడైనోనికే గట్లయితే నాకు సిగ్గెందుకు అనుకున్న. ఇప్పుడు చేసిన్నని ఒప్పుకుంటే ఊరోళ్ళు చెప్పిందే నిజమైతది. పండ్లు పోతె పోయినయ్. గీ మాట ఇయ్యను."

"అట్ల కాదమ్మా..." అన్నారు పాస్టరుగారు.

"ఈస్టర్ ఆరాధన చూసుకొని పాసింజరుకు పోత. మీ అన్నం తిన్న, మీకు బద్నాం తేను," అని ఆమె వెళ్ళిపోయింది.

స్నేహలత అమ్మగారు కళ్ళు తుడుచుకుంది. వినోద నోరు విప్పి ఉంటే అప్పుడే తేలిపోయేది. డాక్టరు మాట్లాడవద్దన్నాడు కదా అని తనకు తనే చెప్పుకుంది. లోపల మాత్రం పోతే పోనీ, పీడ వదిలిందని ఒక సంతోషం గంతులు వేసింది. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం ఆమె కడుపునిండా అన్నం తిన్నది, చాలా రోజుల తర్వాత.

శనివారం మధ్యాహ్నం సుదర్శన్ డ్యూటీ దిగి వచ్చాడు. స్నానం చేసి, బల్లమీద ఉన్న డాక్టరు చీటీ తీసి చదివాడు.

"డాక్టరేమో గట్టిగ పాడి గొంతు పోయిందని రాసిండు. స్టేషన్ల మనోళ్ళేమో సారలమ్మ చూపు తగిలిందంటాన్రు. గా మాట ఏడికెళ్ళి పుట్టింది?"

వినోద పప్పు కలుపుతూ తల ఎత్తలేదు.

"నువ్వేమన్నవే పద్మతోని?"

"నేనేమనలే."

"సరే," అన్నాడు అతను. అరవలేదు. "ఎర్ర సిగ్నలు కనపడ్డంక బ్రేక్ కొట్టకపోతే, ఎనక యాభై డబ్బాలున్నా, ఎవలు ఎక్కిచ్చిన సరుకైనా, జవాబు చెప్పేది నడిపినోడే. నాకు గంతే తెలుసు." అన్నం తిని పడుకున్నాడు. వినోదకు అతడు అరిచినా బాగుండేదనిపించింది.

ఎండ కాస్త తగ్గాక గేటు చప్పుడైంది. సారలమ్మ. గేటు బయటే నిలబడింది. చేతిలో చిన్న కాగితం పొట్లం.

"అక్కా, కరక్కాయ. బుగ్గన పెట్టుకొని రసం మింగు. మా నాట్లల్ల గొంతు పోతె గిదే పెట్టుకుంటం." పొట్లం గేటు దిమ్మెమీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది. తను దగ్గరుంటే ఎవరూ ముందుకు రారని తెలిసిన మనిషి నడక అది. "నా చూపు తగిలిందంటాన్రట. నేనేం పెట్టలేదక్కా. నీ పాట ఇననీకే చూస్తుంటి. ఇంత మంచిగ ఎట్ల పాడుతదా, నోరు ఎట్ల తెరుస్తదా అని చూస్తుంటి. రేపు నువ్వు పాడకపోతె ఈస్టర్ లెక్కుండదు."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. వినోద పొట్లం చేతిలో పట్టుకుని గేటు దగ్గరే నిలబడింది. చెబితే మీరు నమ్మరు, ఆ క్షణంలో కూడా ఆమెకు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు. అసూయే. పాటలో దాటింది చాలక మంచితనంలో కూడా ఈ పళ్ళూడిన మనిషి నన్ను దాటిపోయిందే అని కుళ్ళుకుంది. ఆ కుళ్ళును తనే పసిగట్టి బిత్తరపోయింది. అంజనం వేసినవాడు నోటితో ఒక్క మాటే అన్నాడు, పటకారు వేరేవాళ్ళు తెచ్చారు. తను కూడా నోటితో ఒక్క మాటే అంది. ఇంత పెద్దగొంతు పెట్టుకుని ఇరవై రెండేళ్ళు పాడి, చివరికి ఆ అంజనంవాడి పక్కన నిలబడ్డానే అనుకుని గేటు పట్టుకుని ఏడ్చింది. ఏడుపుకు గొంతు కూడా లేదు.

ఈస్టరు నాడు చర్చి కిక్కిరిసింది. సారలమ్మ చివరి బెంచీలో అంచున కూర్చుంది, కాళ్ళదగ్గర బట్టల సంచీ. ఆమె పక్కన ముగ్గురు పట్టేంత ఖాళీ. మొదటి పాట పద్మ ఎత్తుకుంది, వినోద లేకుండా అది ఎలా సాగిందో చెప్పకపోవడమే మర్యాద. ప్రసంగం అయింది. ప్రభు బల్ల దగ్గరికి రమ్మని పాస్టరుగారు పిలిచారు.

ఆ చర్చిలో ఇప్పటికీ అందరికీ ఒకటే గిన్నె. వరసగా వెళ్ళి మోకరించి అదే గిన్నెలోంచి ఒక గుటక ద్రాక్షరసం తాగాలి. ఎవరిమీదైనా పగ పెట్టుకున్నవాళ్ళు, ఎవరికైనా అన్యాయం చేసి సరిచేసుకోనివాళ్ళు లేవకూడదు. కూర్చుండిపోవాలి. అందుకని ఎవరు లేవలేదో అందరూ ఓరకంట చూస్తారు. కోడలు కూర్చుంటే అత్త ఇంట్లో ఏం జరిగిందోనని వారం రోజులు మాట్లాడుకుంటారు. వినోద ఇన్నేళ్ళలో ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చున్న వాళ్ళను లెక్కపెట్టడం ఆమె పని.

ఆ రోజు మొదటి వరస మొత్తం లేచింది. వినోద లేవలేదు.

పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. వినోద తల వంచుకుంది. రెండో వరస లేవబోయి ఆగిపోయింది. గిన్నె పట్టుకున్న పాస్టరుగారు ఆమెవైపు చూశారు. చర్చి అంతా గుసగుసలు. అన్ని కళ్ళు వీపుమీద పడితే ఎలా ఉంటుందో వినోదకు ఆ రోజు తెలిసింది. చెప్పకుండా ఇంటికి పోవచ్చు. తలనొప్పి అని కూడా అనొచ్చు. చెబితే మాత్రం ఇక నాయకురాలూ లేదు, ముందు వరసా లేదు. పద్మ కూడా వెక్కిరిస్తుంది.

ఆమె లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. అందరూ మెచ్చిన ఆ గొంతు బొంగురుగా, విరిగి విరిగి వచ్చింది.

"నా గొంతు పోయింది నేను పంతంకొద్ది పాడినందుకు. డాక్టరు చీటీ ఇగో. గది తెలిసే నేను సారలమ్మ చూపు తగిలిందని చెప్పిన. ఆమె నాకంటె మంచిగ పాడుతది. ఓర్వలేకపోయిన. అబద్ధం నాది."

గట్టయ్య ముందుగా తేరుకున్నాడు. సంగతి త్వరగా ముగిస్తే మంచిదని ఆయన ఆత్రం. "సరే, తప్పు ఒప్పుకున్నది. సారలమ్మా, క్షమించిన అని చెప్పు బిడ్డా, అయిపోతది."

సారలమ్మ చివరి బెంచీలో లేచి నిలబడింది.

"క్షమించుడు అటెనక. దేవుడు చెప్పిండు, చేస్త. చెయ్యక నాకు తప్పదు." "నాలుగేండ్ల సంది పోలీసులొచ్చిన్రు, పెద్దమనుషులు కూసున్నరు, రాజీ పడుమన్నరు. పాపం పాపం అన్నరు. మీరు చీరలిచ్చిన్రు, బువ్వ పెట్టిన్రు. అందరు జాలి పడ్డరు. ఇది చెయ్యలేదు అని మాత్రం ఒక్కలన్న అన్నరా? నా ముంగట గాదు, నలుగుర్ల. ఒక్కలన్న? గా మాట అను అక్కా. మైకుల అను."

వినోద మైకు పట్టుకుంది. "సారలమ్మ చెయ్యలేదు," అంది. గొంతు పట్టేసింది.

"ఇనపడలే," అన్నారెవరో వెనకనుంచి.

"చెయ్యలేదు. నాకు చెయ్యలేదు. వాళ్ళ ఊళ్ళె పిల్లకు చెయ్యలేదు. ఎవ్వలకు ఏం చెయ్యలేదు. మంత్రాలు చేసినామె కాదు, మారినామె కాదు. ఏ తప్పు చెయ్యకుంటనే పండ్లు పీకిచ్చుకున్న మనిషి." ఆఖరి మాటలు ఊపిరిగానే వచ్చాయి. అయినా అందరికీ అందాయి.

పాస్టరుగారు గిన్నె బల్లమీద పెట్టి మైకు తీసుకున్నారు. ఆయన ముఖం పాలిపోయింది. "చేసిన్నని చెప్పమని అడిగినోణ్ణి నేను. మీ అందరికంటె నాదే పెద్ద తప్పు. ఈమె చెయ్యలేదు," అన్నారు. స్నేహలత అమ్మగారు లేచి అదే మాట అంది. ఆ వెనక పద్మ, ఆ వెనక సుదర్శన్, ఆ తర్వాత ఎవరెవరో. గట్టయ్య అందరికంటే ఆలస్యంగా లేచాడు. లేచి, చేతులు జోడించి, "తప్పయింది బిడ్డా, నువ్వు చెయ్యలేదు," అన్నాడు.

సారలమ్మ కాళ్ళదగ్గరి సంచీని బెంచీ కిందికి తోసింది. తర్వాత నడుచుకుంటూ ముందుకు వచ్చింది. బల్లముందు మోకరించింది. కొంగు తీసేసింది. ముందు పళ్ళు లేని ఆ నోటిని సంఘమంతా చూస్తుండగా గిన్నె అందుకుని తాగింది.

వినోద వెళ్ళి ఆమె పక్కన మోకరించింది. పాస్టరుగారు అలవాటు చొప్పున గిన్నె అంచు గుడ్డతో తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టి, అలాగే పుచ్చుకుని తాగింది. వాళ్ళ వెనక జనం వరస కట్టారు. పాసింజరు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

బల్ల ముగిశాక పాట కావాలి. అందరూ వినోదవైపు చూశారు. వినోద సారలమ్మ చెయ్యి పట్టుకుని మైకు ముందు నిలబెట్టింది.

సారలమ్మ నోరు పూర్తిగా తెరిచి పాడింది. మొదటి చరణానికే ముసలివాళ్ళు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పిల్లలు అల్లరి ఆపేశారు. వినోద పాడినప్పుడు ఆ చర్చి ఏనాడూ అంత మౌనంగా లేదు. వినోదకు అది తెలిసింది. పాపం ఒప్పుకుంటే అసూయ ఇట్టే మాయమవుతుందని మీకెవరైనా చెప్పి ఉంటే నమ్మకండి. కడుపులో ఆ పాత మంట మళ్ళీ లేచింది, ఎప్పటిలాగే, అంతే వేడిగా. ఆమె దాన్ని ఈసారి ఎవరి చెవిలోనూ పోయలేదు. ప్రభువా, ఇది నాదే, నువ్వే చూసుకో అనుకుంది. గొంతు లేదు గనుక రెండు చేతులూ ఎత్తి తాళం వేసింది. పాట ఎక్కడా తొట్రుపడకుండా, చివరి చరణం దాకా, అరచేతులు ఎర్రబడేదాకా వేసింది.